తెచ్చిన యంత్రము, నేర్చిన విద్య

(పదియవ తరగతి విద్యార్థి)

హిందూపురమునుండి ధర్మవరమునకు బోవు రైలుబండిలో కిటికీయొద్ద గూర్చుండి చూచువానికి మన సీమ లోకమునకు దూరముగా నున్న యెండు నేలవలె దోచును. ఎఱ్ఱమట్టి, రాతిగుట్టలు, తఱచు నీరెఱుగని చెరువులు, నడుమనడుమ పచ్చని మల్బరీ తోటలు. కాని యీ దారిలోని మూడు పట్టణములకును దూరదేశములతో సంబంధము గలదు. హిందూపురపు పట్టుపురుగుల పెంపకమునందు జపానువారి విద్య గలదు. పెనుకొండ మండలమున ఎర్రమంచియొద్ద కొరియావారి కార్ల కర్మాగారము గలదు. ధర్మవరపు మగ్గముపైన ఫ్రాన్సు దేశమున బుట్టిన జాకార్డు పెట్టె గలదు. మన పల్లెలలోని బోరుబావులకు గూడ పరదేశముల తోడ్పాటే మొదట దారి చూపినది.

సంపన్నదేశములు తమ యంత్రములను, శాస్త్రజ్ఞానమును బీదదేశముల కందించి వాని యభ్యుదయమునకు తోడ్పడవలెనని పెద్దలు సభలలో జెప్పుచుందురు. నాకు యంత్రవిద్యయందు మిక్కిలి యాసక్తి గలదు. పై చదువులు చదివి యిట్టి పనిలోనే ప్రవేశింపవలెనని నా కోరిక. అందువలన నొక ప్రశ్న నన్ను చాలకాలముగా వెన్నాడుచున్నది. ఒకచోట బుట్టిన యంత్రము మఱియొకచోటికి వచ్చినప్పుడు అచ్చటివారికి మేలు చేసెనో లేదో యెట్లు తెలిసికొనుట? ఎన్ని యంత్రములు వచ్చినవి, ఎంత ధనము వ్యయమైనది యను లెక్కలు చాలవని నా యభిప్రాయము. యంత్రముతోపాటు దాని విద్య యా యూరివారి చేతికి వచ్చినదా? దానిని బాగుచేసికొనుటకును, తమకు దగినట్లు మార్చుకొనుటకును, హద్దుమీరినచో ఆపుటకును వారికి శక్తి కలిగినదా? ఇదియే సరియైన కొలత. ఈ మాటను మన ప్రాంతపు అనుభవముతోనే చూపుటకు యత్నించెదను.

మొదట నీటి సంగతి. ఉమ్మడి అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు సగటున గురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నేలక్రింద గట్టిరాయి. పూర్వము మనుష్యులు నెలలకొలది త్రవ్వి, రాతిని ప్రేల్చి, బావి నీటిని గాంచెడివారు. 1967వ సంవత్సరమున బీహారులో గొప్ప కరువు వచ్చినప్పుడు, గాలి యొత్తిడితో రాతిని గొట్టి తొలుచు యంత్రములను యూనిసెఫ్ వారు మన దేశమునకు దెప్పించిరి. నెలల పని దినములలో ముగియసాగినది. కాని వెంటనే మఱియొక చిక్కు వచ్చినది. ఆ గొట్టపుబావులపై నమర్చిన పోత ఇనుప చేతిపంపులు పరదేశములలో నొక్కొక్క కుటుంబమునకై చేయబడిన నమూనాలు. ఊరంతయు ఉదయమునుండి రాత్రివఱకు గొట్టుచుండగా నవి విఱిగిపోయెను. బావి యున్నది, నీరున్నది, పైకి వచ్చు దారి లేదు.

ఈ చిక్కును దీర్చినవారు మన దేశమున పనిచేయుచుండిన పనివారే. మహారాష్ట్రమున జాల్నా, షోలాపురము పట్టణములలో మిషను పనిశాలలవారును, బావుల పనివారును ఉక్కుతో గట్టి పంపులను జేసి వాడుకలోనికి దెచ్చిరి. షోలాపురపు పంపును ఆధారముగా గొని, ప్రభుత్వమువారు, యూనిసెఫ్ వారు, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కర్మాగారమువారు కలిసి 1970లలో ‘ఇండియా మార్క్ 2’ అను పంపును సిద్ధపఱచిరి. మన పల్లెల వీథులలో, బడుల ముంగిట మనము చూచు పంపు ఇదియే. తరువాత నిది యాఫ్రికా దేశములకును బోయినది. ఉగాండా దేశమువారు దీనిని తమకు దగినట్లు మార్చుకొని ‘యు 2’ అని పేరిడుకొనిరి. పుచ్చుకొన్నవారు నేర్చుకొని, నేర్చినవారు మఱియొకరి కిచ్చిన యీ కథ నాకు మిక్కిలి ప్రియమైనది.

అయితే దీనికి రెండవ ప్రక్కయు గలదు. త్రాగునీటికై వచ్చిన తొలుచు యంత్రము సేద్యమునకును బోయినది. చేతిపంపునకు బదులు విద్యుత్తుతో నడచు మోటారు నీటిలోనికి దిగినది. తొలుచు విద్య యందఱికిని చేరినది. నేలక్రింద నెంత నీరున్నది, ఏటేట నెంత యింకుచున్నది, మన మెంత తోడుచున్నామను విద్య మాత్రము వెంట రాలేదు. మా యింటి సంగతియే చెప్పెదను. మా పొలమున మా తాత కాలమున ఎనుబది అడుగుల బావిలో నీరుండెడిది. బోర్లు వచ్చిన పిదప ఆ బావి యెండినది. మొదటి బోరు ఏడేండ్లు నడచినది, రెండవది మూడేండ్లు. మూడవదానిని ఆఱువందల అడుగులు దింపగా తెల్లని రాతిదుమ్ము తప్ప మఱేమియు రాలేదు. ఆ రాత్రి మా యింట నెవ్వరును అన్నము తినలేదు. అప్పు తీర్చుటకు మా నాయన మూడేండ్లు బెంగళూరులో కట్టడపు పనికి బోయెను. మా తాత మాత్రము ఒక్క మాట యనెను: “యంత్రం నీళ్లు తోడుతుంది గాని నీళ్లు పుట్టియ్యదురా.”

ఈ మాట తెలిసినవారు లేకపోలేదు. 2003వ సంవత్సరమునుండి మొదట నెదర్లాండ్సు దేశపు సాయముతోను, తరువాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయముతోను, అనంతపురముతో గూడిన యేడు కరువు జిల్లాలలో నొక ప్రయత్నము జరిగినది. అందులో రైతులకు గ్రొత్త మోటార్ల నీయలేదు. వానకొలత పాత్రయు, బావిలో నీటిమట్టమును గొలుచు పరికరమును ఇచ్చి, వానిని వాడు పద్ధతి నేర్పిరి. రైతులు, రైతుస్త్రీలు తామే కొలిచి, ఊరిగోడపై లెక్క వ్రాసి, ఈ యేటి నీటికి ఏ పంట తగునో కూర్చుండి యోచించిరి. ఎవ్వరిపైనను నిర్బంధము లేదు. లెక్క తెలిసినవాడు తన పంటను తానే మార్చుకొనెను. లక్షల రూపాయల యంత్రము చేయలేని పనిని కొలతకఱ్ఱయు, తాడును జేసినవి. వెంట విద్య యున్నందుననే యవి యంత పనికి వచ్చినవి.

ఇక హిందూపురపు పట్టు సంగతి. పట్టుపురుగు మల్బరీ యాకు తప్ప మఱొకటి తినదు. నాలుగుమారులు పొర విడుచును. దీనిని మన రైతులు ‘జ్వరము’ అందురు. సుమారు ఇరువదియైదు దినములు తిని, చంద్రికపై కెక్కి, రెండు మూడు దినములలో గూడు కట్టును. మన యెండలకు దట్టుకొను నాటుజాతి పురుగు కట్టు గూడు చిన్నది, దారము పొట్టిది. చలిదేశములలో బెరుగు ద్విసంతతి జాతి, అనగా బైవోల్టిన్, కట్టు గూడు పెద్దది, దాని దారము పొడవైనది, తెల్లనిది, గట్టిది. కాని మన యెండలో నది రోగము దగిలి చచ్చెడిది. అందుచేత రెండింటిని గలిపిన సంకరజాతినే, అనగా సీబీ పురుగులనే, మనవారు పెంచుచు వచ్చిరి. సీబీ గూళ్లు ఇంచుమించు ఎనిమిది కిలోలైనచో ఒక కిలో దారము వచ్చును. మంచి బైవోల్టిన్ గూళ్లు ఆఱు కిలోలే చాలును. భేద మింత గలదు.

1991వ సంవత్సరమున జపాను ప్రభుత్వపు సహకార సంస్థయగు జైకా, మన కేంద్ర పట్టుమండలి యను రెండును గలిసి మైసూరు పరిశోధనాలయమున నొక ప్రయత్న మారంభించినవి. అది మూడు విడతలుగా 2007వ సంవత్సరమువఱకు సాగినది. జపాను పురుగును దెచ్చి మనకు బంచిపెట్టి పోవుట సులభమే. కాని యట్లు చేసినచో అది పూర్వమువలెనే చచ్చియుండెడిది. ఇరుదేశముల శాస్త్రజ్ఞులును మన వేడికి దగిన జాతులను మైసూరులోనే సృష్టించిరి. సి.యస్.ఆర్. 2, సి.యస్.ఆర్. 4 అను జాతు లట్లు వచ్చినవే. అంతటితో నాగక కర్ణాటక, ఆంధ్ర, తమిళ దేశముల రైతుల యిండ్లకు బోయి, పురుగులకు వేఱు గది కట్టుట, దానిని మందుతో శుద్ధిచేయుట, ఆకులకు బదులు కొమ్మలతోనే మేత వేయుట, చిన్న పురుగులను చాకీ కేంద్రములలో పెంచి యిచ్చుట మొదలగు పద్ధతులను నేర్పిరి. హిందూపురమున పెద్ద పట్టుగూళ్ల విక్రయశాల గలదు. చేరువనున్న కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశోధన సంస్థ గలదు.

మా నాయన బెంగళూరునుండి తిరిగివచ్చిన పిదప, పొరుగువారి బోరునుండి నీరు వాడుకొనుచు, ఒక యెకరములో బిందుసేద్యముతో మల్బరీ నాటెను. పురుగుల పని మా యమ్మది. ఆమె నాలుగవ తరగతితో చదువు మానినది. అయినను పురుగులయింటిలో వ్రేలాడు ఉష్ణమాపకమును దినమునకు నాలుగుమారులు చూచి, వేడి యెక్కినచో కిటికీలకు తడి గోనెపట్టలు గట్టును. జ్వరమున నున్న పురుగునకు మేత వేయరాదనియు, అన్నియు లేచినపిదపనే వేయవలెననియు ఆమెకు దెలియును. చచ్చిన పురుగును చేతిపై బెట్టుకొని, ఇది సున్నపు రోగమా, పాల రోగమా యని చెప్పగలదు. ఆమెకు జపాను ఎక్కడ నున్నదో తెలియదు. జపానువారి విద్య మాత్రము ఆమె చేతిలో నున్నది. ఎవరు తిరిగి పోయినను అది పోదు.

చదువరులకు మఱియొక సంగతి మనవి చేసెదను. ఈ విద్యను మనకు నేర్పిన జపాను తాను మొదట నేర్చుకొన్నదే. 1872వ సంవత్సరమున టొమియోకా యను నూర దారము తీయు యంత్రశాలను ఫ్రాన్సువాడగు పాల్ బ్రూనా అనువాని సాయముతో స్థాపించినది. దేశపు నలుదిక్కులనుండి కన్యలు వచ్చి అచ్చట పని నేర్చి, తమ తమ ప్రాంతములకు బోయి యితరులకు నేర్పిరి. కొలది దశాబ్దములలో జపాను ప్రపంచమున పట్టు నెగుమతి చేయు దేశములలో మొదటిదైనది. పరదేశపు యంత్రములు పెక్కు దేశములకు వచ్చినవి. నేర్చిన యా కన్యలను నేర్పుటకై యూళ్లకు బంపిన దేశము ముందుకు బోయినది.

కొరియావారి కథయు నట్టిదే. కియా సంస్థ 2017లో మన రాష్ట్రముతో నొడంబడిక చేసికొని, 2019లో ఎర్రమంచియొద్ద కార్ల తయారీ నారంభించినది. సంవత్సరమునకు మూడు లక్షల కార్లు చేయుటకై మొదట కట్టబడిన కర్మాగార మది. హంద్రీ-నీవా కాలువద్వారా వచ్చు కృష్ణాజలములు గొల్లపల్లి జలాశయమున జేరుటయు నచ్చటి కది వచ్చుటకు గారణమైనది. రాత్రి జాతీయరహదారిపై బోవుచు ఆ దీపముల వరుస జూచినప్పుడు నా మనస్సు ఉప్పొంగును. మా బడిలో చదివి ఐ.టి.ఐ.కి బోయిన యన్నలు పలువురు అచ్చట పని గోరుచున్నారు. అది మేలే. కాని యదే సంస్థ 1944లో సైకిలు భాగములు చేయుటతో మొదలైనదని మన మెఱుగవలెను. 1950ల ఆదిని సైకిలు, 1960లలో జపానువారి యనుమతితో మూడు చక్రముల బండి, 1970లలో కారు చేసినది. ముప్పది యేండ్లు మెట్టుమెట్టుగా నేర్చుకొన్న సంస్థ యది. మనము ఆ బండ్లకు మర బిగించుటతో తృప్తి పడుదుమా, ముప్పది యేండ్లకు మన పెనుకొండవాడు ఒక యంత్రమును స్వయముగా రూపించు నంత నేర్చుకొందుమా? దీనికి సమాధానము కర్మాగారముకంటె మన బడులపైననే యెక్కువ యాధారపడి యున్నది.

ధర్మవరమున ఈ కొలత మిక్కిలి కఠినముగా గనబడును. 1800ల యాదిని ఫ్రాన్సున లియాన్ నగరపు జాకార్డు అనునతడు రంధ్రములు గల యట్టలతో దారములను లేపు సాధనమును గల్పించెను. అది మన గుంటమగ్గముపైకి వచ్చినది. మన నేతగాడు దానిని దనదిగా జేసికొని, తన యంచులను, కొంగులను ఆ యట్టలలో వ్రాసికొనెను. ధర్మవరపు చేనేత పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు లభించినది. తరువాత మరమగ్గము వచ్చినది. 1985వ సంవత్సరపు చట్టము కొన్ని రకముల వస్త్రములను చేనేతకే ప్రత్యేకించినను, మరమగ్గపు చీరను చేనేతదని చెప్పి తక్కువ ధరకు విక్రయించువారు గలరు. దినములకొలది కూర్చుండి నేసినవాని కూలి అందువలన పడిపోవుచున్నది. మరమగ్గమున దోషము లేదు. దాని పేరు దాచుటయందు దోషము గలదు. నేతగాని నడిగి వచ్చిన జాకార్డు పెట్టె యతని చేతికి బలమైనది. అతని నడుగక వచ్చి యతని పేరుతోనే యమ్ముడగునది యతని యన్నము దీసినది.

పట్టణములు మూడైనను దారమొక్కటే. చీరకు పడుగు గట్టిగా నుండవలెను. సీబీ దారము పేకకు దగును గాని యంత్రపు వేగమునకు, పడుగు బిగువునకు చాలదు. కావున చైనానుండి దిగుమతియైన దారమును మనవారు పడుగునకు వాడుచు వచ్చిరి. మన హిందూపురపు బైవోల్టిన్ గూటినుండి తీసిన దారము ధర్మవరపు పడుగైననాడు జపానువారు నేర్పిన విద్య సంపూర్ణముగా మనదైనట్లు. మా యమ్మ పెంచిన గూడు, ఒక నేతయక్క మగ్గముపై పడుగై నిలిచిననాడు నేను గర్వపడుదును.

కొందఱు మిత్రులు నాతో వాదింతురు. “బీదవానికి దొరికినది పుచ్చుకొనుట మేలు, ప్రశ్నలు వేయుచు గూర్చున్నచో వచ్చినదియు పోవును” అందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. దప్పికతో నున్న యూరికి బోరుబావి వచ్చినప్పుడు చర్చలు చేయుట క్రూరము. కాని ప్రశ్నింపక పుచ్చుకొన్నందుననే మా పొలము మూడు బోర్లను మ్రింగినది. ప్రశ్నించుట యనగా నిరాకరించుట కాదు. మఱికొందఱు, “పూర్వపు పద్ధతులే చాలును, పరదేశపు యంత్ర మేల?” అందురు. వారికి మా తాత మోట బావినే చూపెదను. అతని కాలమున ఆ బావికొఱకు ఎద్దులును, మనుష్యులును పడిన కష్టము నెవ్వరును తిరిగి కోరరు. చేతిపంపు వచ్చిన పిదప మా యవ్వకు ప్రతిదినము రెండు మైళ్ల నడక తప్పినది. ఆమె యెదుట యంత్రమును నిందించుటకు నాకు నోరు రాదు.

సోదర విద్యార్థులారా, ఈ వ్యాసము వట్టి మాటలతో ముగియరాదని నా కోరిక. మన పాఠశాల యావరణమున నొక వానకొలత పాత్రను బెట్టుకొందము. దాని వెల స్వల్పము. మన పెరటి బావిలో నీటిమట్టమును ప్రతి నెల మొదటి సోమవారమున తాడుతో గొలిచి గోడపై వ్రాయుదము. మనలో పల్లెలనుండి వచ్చువారు తమ యూరి యొక బావి లెక్కను గూడ తేవచ్చును. వచ్చు సంవత్సరపు సంచికలో ఆ పండ్రెండు నెలల లెక్కలను ప్రకటింపుమని సంపాదకులను వేడుకొనుచున్నాను. సంవత్సరమున కొకమారు కిరికెరకును, ధర్మవరపు మగ్గములయొద్దకును బోయి, అచ్చటివారు తమ పనిని జేయుచుండగా చూచి నేర్చుకొనుటకు మన యుపాధ్యాయులు వీలు కల్పింతురని యాశించుచున్నాను.

నేను ఇంజనీరునైనచో, ఎప్పుడో యొకనాడు ఉగాండాలోనో, మఱియొక యెండు దేశములోనో పని చేయవలసి రావచ్చును. నాడు నేను యంత్రమును దించి, బిగించి, చిత్రపటము దీయించుకొని రానని యీ పత్రికలో వ్రాసి యిచ్చుచున్నాను. ముందుగా అచ్చటి తాతయొద్ద గూర్చుండి, మీ బావి ఎంత లోతు, ఎప్పుడు ఎండినది యని యడిగెదను. ఆ యింటి యమ్మ తన చేతితో దానిని విప్పి, తిరిగి బిగించి, “ఇంక నీవు పోవచ్చును” అని చెప్పినపిదపనే యింటికి వచ్చెదను.